కర్రలో కన్నం కనబడితే కందిరీగేనా? మాను కందిరీగ భయం, మన తోటల్లో అసలు సంగతి

పోయిన నెల కాశీనగర్ దగ్గర మావయ్య వాళ్ళ జీడితోటకి వెళ్ళాను. పర్లాకిమిడి నుంచి వంశధార వైపు వెళ్తే వచ్చే ఊళ్ళు ఇవి, ఒడిశా అన్నమాటే గానీ ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, తోటలో రెండూ. వెళ్ళీ వెళ్ళగానే మావయ్య ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. పొడుగు తోకలాంటి సూదితో ఒక పెద్ద కందిరీగ చెట్టు మానులోకి దించుతూ ఉంటుంది, ఎవరో దాన్ని చెప్పుతో కొట్టి చంపేస్తారు, కింద "చెట్లని లోపల్నించి తినేసే ప్రమాదకర కందిరీగ మన దేశంలోకి వచ్చేసింది" అని రాసి ఉంది.

"ఇదేటిరా, మన జీడిచెట్టు మొదల్లో కూడా పొట్టు రాల్తంది, ఇదే గదా?" అన్నాడు.

ఒక్క వీడియో చూసి మావయ్య ఒక ప్రశ్నే అడిగాడు గానీ అందులో నాలుగు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. చెట్లని చంపే కందిరీగ అనేది నిజంగా ఉందా, ఉంటే అది ఎలా చంపుతుంది, మన దగ్గరకి వచ్చిందా, వీడియోలో ఉన్నదీ జీడిచెట్టులో ఉన్నదీ అదేనా. మొదటి దానికి అవును. చివరి దానికి రెండు సార్లు కాదు. మధ్యలో రెండూ కాస్త ఓపిగ్గా చెప్పుకోవాల్సినవి.

మాను కందిరీగ అంటే ఏది

కందిరీగ అనగానే మనకి గుర్తొచ్చేది సన్నటి నడుము, పసుపు చారలు, కుడితే చెయ్యి వాచిపోవడం. మాను కందిరీగలు ఆ రకం కాదు. చీమలు, తేనెటీగలు, కందిరీగలు అన్నీ ఉన్న పెద్ద వంశంలో ఇవి పాత శాఖ, వీటికి నడుము సన్నబడదు, ఒళ్ళు మొత్తం గొట్టంలా ఒకే లావు. సైరిసిడే అనే కుటుంబం. తోక చివర చిన్న కొమ్ములాంటి ముల్లు ఉంటుంది, దాని కింద ఆడదానికి సూదిలాంటి పొడుగు గొట్టం. అది కుట్టడానికి కాదు, కర్రలో గుడ్లు పెట్టడానికి. మనిషిని కుట్టదు, గూడు కట్టదు, గుంపుగా మీద పడదు.

తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. కారణం సింపుల్, మన తాతలు దీన్ని చూళ్ళేదు. ఇది చల్లటి ప్రాంతాల పురుగు, దీని తిండి ఎక్కువగా పైన్, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్లు, కొన్ని రకాలు వెడల్పాకు చెట్లలోనూ ఉంటాయి. మన దేశంలో ఈ కుటుంబం రకాలు హిమాలయాల అడవుల్లో ఉన్నాయి, అక్కడి వాతావరణానికి అవి మామూలే. ప్రపంచమంతా భయపడేది మాత్రం వీటిలో ఒక్కదానికే, పేరు సైరెక్స్ నాక్టిలియో. ఆడది నీలం కలిసిన నలుపు, కాళ్ళు ఎర్రగా, మగదానికి పొట్ట మధ్యలో నారింజ రంగు. పెద్దయ్యాక ఇవి ఏమీ తినవు, పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే కొద్ది రోజులు బతికి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి.

మరి ఏమీ తినని పురుగు చెట్టుని ఎలా చంపుతుంది?

చంపేది పళ్ళు కాదు: సూది, జిగురు, బూజు

ఇక్కడే అందరూ పొరపడతారు. పురుగు లోపల కర్రని తిని డొల్ల చేస్తే చెట్టు పడిపోతుంది అనుకుంటాం, చెదని చూసి అలవాటైన బుర్ర కదా మనది. సైరెక్స్ పని అలా కాదు, దాని పిల్ల తినడం మొదలయ్యేసరికే చెట్టు సగం ఓడిపోయి ఉంటుంది.

ఆడ కందిరీగ మాను మీద వాలి, సూదిని బెరడులోంచి లోపలి తడి కర్రలోకి సెంటీమీటరు పైన దింపుతుంది. దించి మూడు సరుకులు వదుల్తుంది. ఒకటి గుడ్డు. రెండోది జిగురులాంటి ఒక ద్రవం, ఇది చెట్టుకి విషం, ఆకుల్లో తయారైన తిండి కిందకి దిగడం, నీళ్ళు పైకి ఎక్కడం రెండూ దెబ్బతింటాయి, ఆకులు పసుపుబారడం మొదలవుతుంది. మూడోది ఒక బూజు, అమైలోస్టీరియం అరియోలేటం అంటారు. ఈ బూజుని ఆడది తన ఒంట్లోనే, సూది మొదట్లో రెండు చిన్న సంచుల్లో పట్టుకు తిరుగుతుంది, మనం పాలు తోడెయ్యడానికి ముందు రోజు పెరుగు దాచుకున్నట్టు. జిగురు దెబ్బకి చెట్టు నీరసించగానే బూజు కర్రలోకి పాకుతుంది, కర్రని ఎండబెడుతుంది, కుళ్ళబెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదట తినేది ఈ బూజునే, తర్వాత బూజు మెత్తబరిచిన కర్రలో దారి చేసుకుంటూ పోతుంది. బూజు లేకపోతే పిల్లకి తిండి లేదు, పిల్ల లేకపోతే బూజుకి పక్క చెట్టుకి వెళ్ళే దారి లేదు.

ఇంకో సంగతి ఉంది, నాకు మొదటిసారి చదివినప్పుడు నిద్ర పట్టలేదు. ఆ కందిరీగ చెట్టుని ముందు పరీక్ష చేస్తుంది. చెట్టు ఇంకా బలంగా ఉంది, రసం బాగా ఎక్కుతోంది అనిపిస్తే ఒక్క కన్నమే పెట్టి గుడ్డు పెట్టకుండా జిగురు, బూజు మాత్రం వదిలేసి వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకి చెట్టు నీరసిస్తుంది. అప్పుడు మళ్ళీ కందిరీగలు వచ్చి, ఒకే చోట పక్కపక్కన రెండు మూడు కన్నాలు పెట్టి వాటిలో గుడ్లు పెడతాయి. ఒక్క ఆడది ఒంటి సైజుని బట్టి కొన్ని వందల గుడ్ల దాకా మొయ్యగలదు. మగదాంతో కలవకపోయినా గుడ్లు పెడుతుంది, కాకపోతే వాటిలోంచి మగవే పుడతాయి. మామూలుగా ఏడాదికి ఒక తరం, బాగా చల్లటి చోట రెండేళ్ళు పడుతుంది.

బయటికి కనిపించేది ఏంటంటే, మాను మీద అక్కడక్కడా బంక చుక్కలు, పచ్చటి సూదాకులు పసుపై ఆ తర్వాత ఇటుక రంగుకి తిరగడం, చివరికి పెద్ద పురుగు బయటికి వచ్చేటప్పుడు గుండ్రటి కన్నాలు, 3 నుంచి 8 మిల్లీమీటర్లు. కంపాస్‌తో గీసినంత గుండ్రంగా ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సొంతూళ్ళో పిల్లి, పరాయి దేశంలో పులి

ఈ పురుగు సొంతూరు యూరప్, దాని చుట్టుపక్కల ఆసియా, ఉత్తర ఆఫ్రికా. అక్కడ దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పక్క చెట్ల నీడలో పడి ఎలాగూ చచ్చిపోయే బక్క చెట్లనే అది వెతుక్కుంటుంది, దాన్ని తినేవీ అక్కడే పుట్టి పెరిగినవి ఉన్నాయి.

కర్రతో పాటు ఓడెక్కి అది బయటి దేశాలకి వెళ్ళింది. 1900 ప్రాంతంలో న్యూజిలాండ్. అక్కడ పైన్ చెట్టు సొంత చెట్టు కాదు, మనిషి వరసగా నాటిన తోట, ఒకే జాతి, ఒకే వయసు, వేల హెక్టార్లు. నలభై ఏళ్ళకి పైగా పెద్ద గొడవేమీ లేదు. 1940ల చివర్లో వరస కరువు వచ్చింది, తోటలు చిక్కగా ఉన్నాయి, 1946 నుంచి 1951 మధ్య సుమారు 1,20,000 హెక్టార్లలో 30 శాతం దాకా చెట్లు పోయాయని లెక్క. తర్వాత 1952లో టాస్మానియా, 1961లో ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం. అక్కడ గ్రీన్ ట్రయాంగిల్ అనే పైన్ తోటల ప్రాంతంలో 1987 తర్వాత రెండు మూడేళ్ళలోనే 50 లక్షల పైన చెట్లు చచ్చిపోయాయి. 1980లో ఉరుగ్వే, 1985లో అర్జెంటీనా, 1988లో బ్రెజిల్, 1994లో దక్షిణాఫ్రికా, 2001లో చిలీ, 2004లో అమెరికా న్యూయార్క్ రాష్ట్రం, 2013లో చైనా. వరసలో చూస్తే ఓడ రేవుల కథలాగే ఉంటుంది.

అమెరికా సంగతి మాత్రం కొంచెం వేరు, అక్కడ అందరూ ఆస్ట్రేలియాలో జరిగిందే జరుగుతుంది అని భయపడ్డారు గానీ ఇన్నేళ్ళయినా ఆ స్థాయిలో జరగలేదు, ఎందుకంటే అక్కడ స్థానిక మాను కందిరీగలు ముందే ఉన్నాయి, వాటిని తినే శత్రువులూ ఉన్నాయి, చచ్చిన కర్ర కోసం పోటీ పడే వేరే పురుగులూ బూజులూ ఉన్నాయి.

ముందు నీరసమా, ముందు పురుగా

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండిట్లోనూ బలం ఉంది.

తోటలు పెంచే వాళ్ళలో చాలామంది అనేది, పురుగు అసలు కారణం కాదు, చిక్కగా నాటి మధ్యమధ్యలో చెట్లు తియ్యకుండా వదిలేస్తే నీళ్ళకీ వెలుతురికీ కొట్టుకుని సగం చెట్లు నీరసిస్తాయి, పురుగు వచ్చి వాటిని ఏరుకుంటుంది, కాబట్టి సమయానికి తోట పలచన చేస్తే సగం సమస్య పోతుంది అని. న్యూజిలాండ్ కరువు, గ్రీన్ ట్రయాంగిల్‌లో పలచన చెయ్యని తోటలు, రెండూ దీనికి సాక్ష్యాలే.

పురుగుల శాస్త్రం వాళ్ళు దీనికి ఒప్పుకుంటూనే ఇంకోటి చెప్తారు. పురుగుల సంఖ్య తక్కువగా ఉన్నంతవరకే అది బలహీనమైన చెట్ల పురుగు. సంఖ్య ఒక హద్దు దాటితే నీరసమైన చెట్లు సరిపోవు, అప్పుడు జిగురు, బూజు వదిలి బాగున్న చెట్టునే నీరసపరిచి తర్వాత గుడ్లు పెట్టుకుంటాయి. మనకి దగ్గరి పోలిక చెప్పాలంటే, పొలంలో ఎలకలు పది ఉంటే గట్టు మీద రాలిన గింజలు తిని బతుకుతాయి, వెయ్యి ఉంటే నిలబడ్డ చేలోకి దిగుతాయి.

నా మటుకు రెండోది మొదటిదాన్ని కొట్టెయ్యదు, ముందుకి తీసుకెళ్తుంది. సమస్యని మొదలుపెట్టేది నీరసం, దాన్ని మంటలా పాకించేది పురుగుల సంఖ్య. ఇది పైన్ తోటల గురించే కాదు, మన పక్క గుగ్గిలం అడవుల్లో కూడా ఇదే కథ. గుగ్గిలం చెట్టుకి ఒక పెద్ద కొమ్ము పురుగు ఉంది, కందిరీగ కాదు, పెంకు పురుగు జాతి, పొడుగు మీసాలుంటాయి. 1990ల చివర్లో మధ్యప్రదేశ్ మండ్లా వైపు అడవుల్లో ఇది లక్షల చెట్లని కూల్చింది. మామూలు రోజుల్లో ఇది పడిపోయిన మాన్ల మీద బతికే పురుగే. అప్పుడు వాడిన ఉపాయం కూడా చెప్పుకోవాలి. పచ్చి గుగ్గిలం దుంగలు కోసి బెరడు చితక్కొట్టి అడవిలో పడేస్తే ఆ రసం వాసనకి పెంకు పురుగులు వచ్చి తాగి మత్తుగా పడి ఉంటాయి, చుట్టుపక్కల ఆదివాసీలు వాటిని ఏరి తలలు లెక్కపెట్టి ఇస్తే పురుగుకి ఇంత అని డబ్బులిచ్చేవారు.

కందిరీగని గొడ్రాలిని చేసే నులిపురుగు

సైరెక్స్ మీద మందు కొట్టి లాభం లేదు, అది మాను లోపల ఉంటుంది. దానికి విరుగుడు 1962లో న్యూజిలాండ్‌లో దొరికింది. కంటికి సరిగ్గా కనిపించని నులిపురుగు, డెలాడినస్ సిరిసిడికోలా. ఇది రెండు బతుకులు బతుకుతుంది. మానులో ఉన్నంతసేపూ అదే బూజుని తింటూ పెరుగుతుంది. పక్కన కందిరీగ పిల్ల తగిలితే రూపం మార్చి దాని ఒంట్లోకి దూరుతుంది, ఆ పిల్ల పెద్ద ఆడ కందిరీగగా మారే సమయానికి నులిపురుగు పిల్లలు దాని గుడ్లలోకి చేరిపోతాయి. ఆ కందిరీగ చావదు. ఎగురుతుంది, కొత్త చెట్టు వెతుకుతుంది, సూది దించుతుంది, గుడ్లే పెడుతున్నాననుకుని నులిపురుగులని నాటుతుంది.

ఊహకి ఒక లెక్క వేద్దాం, ఇది సంఖ్యల పద్ధతి అర్థం కావడానికే. ఒక తోటలో 100 ఆడ కందిరీగలు, ఒక్కోటి 200 గుడ్లు, వాటిలో నూటికి 2 బతికి ఆడవిగా బయటికి వస్తాయి అనుకుందాం. అంటే ఒక్కోదానికి 4 ఆడ పిల్లలు, వచ్చే ఏడు 400, ఆ పై ఏడు 1600. ఇప్పుడు 100లో 80కి నులిపురుగు పట్టిందనుకోండి. గుడ్లు పెట్టేవి 20 మాత్రమే, వచ్చే ఏడు 80. ఆ పై ఏడూ అదే నిష్పత్తి ఉంటే 80లో 16 మాత్రమే, పిల్లలు 64. గుణించుకుంటూ పోయేది తరుక్కుంటూ వస్తుంది. అదే నులిపురుగు నూటికి 50కే పట్టిందనుకోండి, 50 కందిరీగలు నాలుగేసి, వచ్చే ఏడు 200, రెట్టింపే. అంటే పని చేసిందా లేదా అనేది కాదు, ఎంత శాతం చేసింది అనేదే అంతా.

ఆస్ట్రేలియా వాళ్ళకి ఇది అనుభవం మీద తెలిసింది. నులిపురుగుని ల్యాబులో బూజు మీద మాత్రమే ఏళ్ళ తరబడి పెంచారు, అక్కడ కందిరీగ ఒంట్లోకి దూరాల్సిన అవసరం లేదు కదా, తరాలు గడిచేకొద్దీ ఆ గుణమే తగ్గిపోయింది, తోటలో వదిలితే సరిగా పట్టలేదు. చివరికి టాస్మానియాలో మొదట వదిలిన చోట్లలో ఒకటైన కమోనా అడవికి వెళ్ళి అక్కడ అడవిలోనే బతుకుతున్న పాత రకాన్ని 1991లో మళ్ళీ తెచ్చుకున్నారు. ఇంట్లో దాచిన విత్తనం మొలక తగ్గితే పక్కూరి నుంచి నాటు విత్తనం తెచ్చుకున్నట్టే.

దీనికీ ఎదురు వాదన ఉంది. అమెరికాలో ఈ నులిపురుగుని వదలాలా వద్దా అన్నది తేలిగ్గా తేలలేదు, ఎందుకంటే అక్కడి స్థానిక మాను కందిరీగలు అడవికి అవసరమైనవి, చచ్చిన కర్రని మట్టి చేసేవి, వాటికి కూడా ఈ నులిపురుగు అంటుకుంటే ఎలా అని. పరాయి పురుగు ఒక్కటే ఉన్న ఆస్ట్రేలియాలో సూటిగా పని చేసిన మందు, చుట్టాలు ఉన్న చోట రెండు సార్లు ఆలోచించి వాడాల్సి వస్తుంది.

మరి మన వైపు ఉందా

సైరెక్స్ నాక్టిలియో మన దేశంలో స్థిరపడినట్టు దాఖలా లేదు. మన గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాం జిల్లాల్లో అది తినే చెట్టే తక్కువ. పైన్ చెట్లు చూడాలంటే కొంధమాల్‌లో దారింగ్‌బాడికి టూర్ వెళ్ళాలి. జీడి, మామిడి, టేకు, సరుగుడు, నీలగిరి ఏవీ దాని తిండి కావు.

భయపడాల్సిన దారి ఒకటుంది, అది కర్ర దారి. మెషీన్లు, టైల్స్ వచ్చే చెక్క పెట్టెలు, సరుకు కింద పెట్టే చెక్క పాలెట్లు చాలావరకు పైన్ కర్రే, పైన్ దుంగలు కూడా దేశంలోకి దిగుమతి అవుతాయి. అందుకే 2002లో ఒక అంతర్జాతీయ నియమం వచ్చింది. సరుకు ప్యాకింగ్‌కి వాడే చెక్కని నట్టనడుమ దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగిలేలా వేడి చెయ్యాలి, లేదంటే పొగ మందు పెట్టాలి, చేశాక ముద్ర వెయ్యాలి. మీ దగ్గరున్న పాలెట్ తిప్పి చూడండి, ఒక గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం రెండక్షరాల కోడ్, ఒక నంబరు, చివర్న రెండక్షరాలు ఉంటాయి. ఆ చివరి అక్షరాలు హెచ్, టీ అయితే వేడితో చేసింది, ఎమ్, బీ అయితే మిథైల్ బ్రోమైడ్ పొగతో చేసింది. మన దేశంలోకి వచ్చే కర్రకి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ వర్తిస్తుంది.

ఇంకో చిన్న మాట. మాను కందిరీగ పురుగు ఉన్న కర్రని కోసి సామాను చేస్తే ఒకటి రెండేళ్ళ తర్వాత కూడా ఇంట్లో బయటికి రావచ్చు, చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది. కానీ అది ఎండిన కర్రలో మళ్ళీ గుడ్లు పెట్టదు. పక్క మంచానికి పాకదు.

కన్నం చూసి దొంగని గుర్తుపట్టడం

మనవాళ్ళు ఘుణాక్షర న్యాయం అంటారు కదా, పురుగు కర్రని తొలుచుకుంటూ పోతే ఆ గీతలు అనుకోకుండా అక్షరంలా కనబడతాయి అని. అక్షరం అనుకోకుండా పడొచ్చేమో గానీ, కన్నం మాత్రం ప్రతి పురుగుకీ దాని సంతకమే.

మావయ్య ఇంటి పెరట్లో పాక దూలం. అడుగు వైపు నా బొటనవేలు దూరేంత గుండ్రటి కన్నం, కింద నేల మీద లేత పసుపు రంపపు పొట్టు, నల్లటి పెద్ద తుమ్మెద మొహం మీదకొచ్చి గుయ్యిమని తిరుగుతోంది. ఇది గుండ్రటిదే గానీ సైరెక్స్ కన్నం కాదు, సైజు చాలా పెద్ద. తుమ్మెద కర్రని తినదు, గది కట్టుకుంటుంది, లోపల పుప్పొడి ముద్ద పెట్టి గుడ్డు పెడుతుంది. పచ్చి చెట్టు జోలికి రాదు. పొలంలో కాయ కట్టడానికి ఇది కావాల్సిన జీవి.

వెదురు బుట్ట, పాత కుర్చీ. గుండుసూది తలంత కన్నాలు, తట్టితే గోధుమ పిండిలా మెత్తటి పొడి. ఇది పుచ్చు, పెంకు పురుగుల పని. చెదకైతే కన్నం ఉండదు, మట్టి సొరంగం ఉంటుంది.

ఇక జీడిచెట్టు. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. నేలకి జానెడు ఎత్తులో బెరడు పగిలి గోధుమరంగు బంక కారి గడ్డకట్టింది, దాని కింద నమిలి ఉమ్మేసినట్టు పీచు కలిసిన పొట్టు తడిగా పేరుకుంది. మావయ్య కత్తిమొనతో ఆ బెరడు లేపితే కింద అడ్డదిడ్డంగా వెడల్పాటి బాట, బాట నిండా కూరిన పొట్టు, చివర్లో వేలంత లావు పురుగు, మీగడ రంగు, కాళ్ళు లేవు, తల దగ్గర వెడల్పు, గోధుమరంగు పళ్ళు. ఇది జీడి కాండం, వేరు తొలిచే పురుగు, పెద్దయితే ఎర్ర గోధుమరంగు మీసాల పెంకు పురుగు అవుతుంది. కాండంలోనే సున్నంతో చేసినట్టు తెల్లగా గట్టిగా ఉండే గూడు కట్టుకుని మారుతుంది. ఇది బూజుని పట్టుకు రాదు, పరీక్షలు పెట్టదు, నేరుగా బెరడు కింద రసం నడిచే పొరని నమిలేస్తుంది. చెట్టు చుట్టూ ఆ పొర తెగిపోతే వేళ్ళకి తిండి ఆగిపోతుంది.

మావయ్య లెక్కలో ఇది తిత్లీ తుపాను తర్వాతే ఎక్కువైంది. 2018 అక్టోబర్ 11న ఆ గాలికి వేళ్ళు కదిలి ఒరిగిన చెట్లకే పొట్టు రాలడం ముందు మొదలైందని ఆయన చెప్పాడు. ఒక్క తోట అనుభవం మీద జిల్లా మొత్తానికి తీర్పు చెప్పలేం, కానీ పైన అనుకున్న నీరసం వాదన ఇక్కడా వినబడుతోంది కదా.

మన నీలగిరికి నిజంగా దెబ్బ కొట్టిన కందిరీగ

ఇంతా చెప్పి, కందిరీగల వల్ల మన చెట్లకి నష్టమే జరగలేదంటే అబద్ధం. జరిగింది, కాకపోతే ఆ కందిరీగ మిల్లీమీటరు కంటే కాస్త పెద్దది, అంతే. నీలగిరి బుడిపె కందిరీగ, లెప్టోసైబ్ ఇన్వేసా.

రాయగడ, గునుపూర్ వైపు రైతులు మెట్ట భూముల్లో నీలగిరి వేస్తారు, జేకేపూర్ కాగితం మిల్లు దగ్గరే ఉంది కాబట్టి కర్రకి గిరాకీ. 2000 ప్రాంతంలో మధ్యధరా సముద్రం పక్క దేశాల్లో నీలగిరి లేత కొమ్మలకి బుడిపెలు కనబడ్డాయి, 2001-02 కల్లా దక్షిణ భారతంలోకి వచ్చేసింది, 2004లో గానీ దానికి శాస్త్రీయ నామం పెట్టలేదు. అంటే పేరు పెట్టకముందే మన తోటల్లోకి దిగిపోయింది. సొంతూరు ఆస్ట్రేలియా, నీలగిరిలాగే.

ఇది మానుని తొలవదు. లేత ఆకు ఈనెలో, తొడిమలో, చిగురు కాడలో గుడ్డు పెడుతుంది. చెట్టు ఆ చోట ఉబ్బి బుడిపె కడుతుంది. ఒక బుడిపెని బ్లేడుతో నిలువుగా కోసి చూడండి, ఒక్కో గదిలో ఒక్కో తెల్లటి చుక్క, అదే పిల్ల. ఆకు వంకర తిరుగుతుంది, చిగురు ఆగిపోతుంది. పెద్ద చెట్టు సాధారణంగా చావదు, కానీ నర్సరీ మొక్క, నరికాక మోడు నుంచి వచ్చే లేత పిలకలు గిడసబారిపోతాయి, రెండో కోత మీద ఆశ పెట్టుకున్న రైతుకి అక్కడే దెబ్బ. మగవి చాలా అరుదు, ఆడవి మగతోడు లేకుండానే ఆడపిల్లలని కంటాయి, ఒక్కటి చేరినా చాలు.

దీని మీదా రెండు మాటలు. ఒకే క్లోన్ని, అంటే ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి పెంచిన అచ్చు ఒకేలాంటి మొక్కలని, ఎకరాల కొద్దీ నాటడమే తప్పు, ఒక చెట్టుకి పడినది అన్నిటికీ పడుతుంది అని ఒక మాట. ఇంకో మాట, బుడిపె కట్టని క్లోన్లని వెతికి పట్టి త్వరగా నాటగలిగింది కూడా ఆ క్లోన్ పద్ధతి వల్లే, గింజ మొక్కలతో అంత వేగం కుదరదు అని. నా ఉద్దేశంలో రెండూ నిజాలే, తేడా ఎక్కడొస్తుందంటే తట్టుకునే క్లోన్ ఒక్కటే దొరికింది కదా అని మళ్ళీ దాన్నే జిల్లా అంతా నాటితే మొదటికొస్తాం. పిల్ల బుడిపె లోపల ఉంటుంది కాబట్టి పైన మందు కొట్టడం పెద్దగా పని చెయ్యదు. దీన్ని అదుపు చేసే వాటిలో ముఖ్యమైనది ఇంకో బుల్లి కందిరీగ, క్వాడ్రాస్టికస్ మెండెలి, బుడిపె లోపలున్న పిల్ల మీదే గుడ్డు పెడుతుంది.

వీడియోలో చచ్చింది ఏది

అవును, కందిరీగని అదుపు చేసేది కందిరీగే. భ్రమర కీటక న్యాయం మనకి తెలిసిందే, తుమ్మెద పురుగుని తెచ్చి గూట్లో పెట్టి ఝుంకారం చేస్తే పురుగు తుమ్మెదగా మారిపోతుంది అంటారు. పెద్దలు చూసింది నిజమే, మట్టి గూట్లోకి పురుగు వెళ్ళింది, కొన్నాళ్ళకి రెక్కల జీవి బయటికి వచ్చింది. లోపల జరిగింది మాత్రం, మట్టి గూడు కట్టే కందిరీగ తెచ్చి పెట్టిన ఆ గొంగళితో పాటు గూట్లో దాని గుడ్డు ఉంది, పిల్ల గొంగళిని తిని పెరిగింది. తొలుచు పురుగు గుడ్లని చంపడానికి చెరకు రైతు ఆకుకి తగిలించే ట్రైకోగ్రామా కార్డు మీద ఉండేవి కూడా కందిరీగలే, ఆవగింజలో సగం కూడా ఉండవు. మేడిపండు విప్పితే కనబడే పురుగులూ ఆ జాతే, అవి లేకపోతే మేడికి గింజ కట్టదు.

మావయ్య ఫోన్లో వీడియో ఆపి పెద్దది చేసి చూశాం. నడుము సన్నంగా ఉంది. తోక సూది ఒంటికంటే రెండు మూడు రెట్లు పొడుగు, వెంట్రుకలా సన్నం. అది మాను కందిరీగ కాదు, మెగారిస్సా అనే రకం. కర్ర లోపల ఎక్కడో దాక్కున్న మాను కందిరీగ పిల్లని బయటి నుంచే పసిగట్టి, అంత పొడుగు సూదిని కర్రలోంచి దించి దాని మీద గుడ్డు పెట్టేది ఇదే. దీని చుట్టాన్నే సైరెక్స్ మీదకి ఆస్ట్రేలియా వాళ్ళు పని గట్టుకుని తెచ్చి వదిలారు. వీడియోలో చెప్పు దెబ్బ తిన్నది చెట్టు వైపు ఉన్న జీవి. మావయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ వీడియో పంపిన వాళ్ళకే ఫోన్ చేసి, "ఒరే, నువ్వు పంపింది తప్పురా, అది మన పక్షం" అన్నాడు.

తర్వాత జీడిచెట్టు దగ్గరకి మళ్ళీ వెళ్ళి తాడుతో కొలిచాం. మొదలు చుట్టుకొలత మూడు జానలు, బెరడు పోయింది జానెడు కంటే తక్కువ. చుట్టులో సగం కంటే ఎక్కువ బెరడు పోయి, పైన ఆకు పసుపుబారితే ఇక ఆ చెట్టు తిరుక్కోదని జీడి సాగు తెలిసినవాళ్ళు చెప్తారు, దీనికి ఇంకా ఆ పరిస్థితి రాలేదు, పైన ఆకు పచ్చగానే ఉంది. రెండు వరసల అవతల ఇంకోటి ఉంది, అది అప్పటికే పూర్తిగా పసుపు. దాన్ని కొట్టి మొదలు, వేళ్ళు చీల్చి చూస్తే లోపల పదకొండు పురుగులు దొరికాయి, మూడు సున్నపు గూళ్ళు. ఒక్కటి కూడా కందిరీగ పిల్ల కాదు.